పాతపట్నం బస్సులో వచ్చిన నెత్తురు

నేనేం ఉద్యోగం చేసేదాన్నో మా వీధిలో ఎవరిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు. పాలు పోసే ఆవిడ లెక్కలో నేను డాక్టరమ్మని. ఎదురింటి మాస్టారి లెక్కలో రేడియోలు బాగుచేసే మనిషిని. ఇద్దరిదీ సగం సగం నిజమే. విజయనగరం శివార్లలో ఒక చిన్న పరిశోధన కేంద్రం ఉండేది. అక్కడ బతికున్న కణాల చప్పుడు వినే యంత్రాన్ని కట్టడం, నడపడం, అలిగినప్పుడు బుజ్జగించడం నా పని. రోజూ పొద్దున్నే రాజాంలో బస్సెక్కి వెళ్ళేదాన్ని. ఈమధ్యే రిటైరయ్యాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఫోన్ చేసి, ఏ కోర్సు చెయ్యాలి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి అని అడుగుతుంటారు. అవన్నీ నాకన్నా మీకే బాగా తెలుసు. నా ప్రమోషన్ల కథ మీకు అక్కర్లేదు, నాకూ గుర్తులేదు. నేను చెప్పాలనుకున్నది ఆ గదిలో మేం విన్నవాటి గురించి, విన్నామనుకుని పొరపాటుపడ్డవాటి గురించి. ఒక్కమాట ముందే చెప్పేస్తాను. ఈ పని గురించి నెమ్మదిగా మాట్లాడటం నాకు చేతకాదు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది.

అసలు కణం చప్పుడు చేస్తుందా?

చేస్తుంది, కానీ నోటితో కాదు. బతికున్న కణం పైపొర ఎప్పుడూ అదురుతూనే ఉంటుంది. లోపల పని జరుగుతున్న మిల్లు గోడ మీద చెయ్యి పెడితే తెలుస్తుంది చూడండి, అలాంటి అదురు. ఆ గోడ మీద చెయ్యికి బదులు మేం ఒక మొన ఆనిస్తాం. వెంట్రుక దాని పక్కన తాటిదూలంలా కనిపిస్తుంది, అంత సన్నని మొన. కణం అదిరితే మొన కదులుతుంది. ఆ కదలికను కరెంటుగా మార్చి, పెంచి, స్పీకరుకు ఇస్తే వినిపించేదే కణం చప్పుడు. కొన్ని కణాల అదురు మన చెవికి అందనంత నిదానం. అప్పుడు దాన్ని వేగం పెంచి వింటాం.

జబ్బుపడిన కణం పైపొర బిగుసుకుంటుంది, లేదా వదులవుతుంది. అదురు మారుతుంది. అదురు మారితే చప్పుడు మారాలి. మా ఆశంతా ఈ ఒక్క ముక్క మీదే.

చెప్పడానికి ఇంతే. చెయ్యబోతే మాత్రం చుక్కలు కనిపించాయి. మొదట్లో మాకు ఒక రాగం వినిపించింది. మురిసిపోయాం, రికార్డు చేసుకున్నాం, ఇంట్లోవాళ్ళకి ఫోన్లో వినిపించాం. కరెంటు పోగానే అదీ పోయింది. మేం అన్నాళ్ళూ విన్నది సీలింగ్ ఫ్యాను. ఫ్యాను కట్టేస్తే రోడ్డు మీద లారీలు వినబడ్డాయి. యంత్రం కింద రబ్బరు దిమ్మలు పెడితే మా గుమాస్తా చెప్పులు వినబడ్డాయి. చివరికి చెప్పులు గుమ్మం బయట విడిచి, ఫ్యాన్లు ఆపి, చెమటలు కక్కుకుంటూ పనిచేశాం.

డేవిడ్, కల్లు సీసా

మొదటిసారి నిజంగా విన్నది ఈస్టు కణాన్ని. బజారులో దొరికే పొడి ఈస్టు ఎన్నిసార్లు తెచ్చినా మందకొడిగా ఉండేది. మా ల్యాబ్ టెక్నీషియన్ డేవిడ్‌తో, "తాటికల్లులో ఉండేది ఇదే కదా, తాజాగా గీసిన కల్లు దొరికితే తీసుకురాకూడదూ?" అన్నాను. డేవిడ్ నోరెళ్ళబెట్టాడు. వాళ్ళది తాతల కాలం నుంచి బాప్టిస్టు మిషన్ చర్చి కుటుంబం. ఆ ఇంట్లో కల్లు వాసన కూడా ఎవరికీ తెలీదు. అయినా మర్నాడు పొద్దున్నే గీతకార్మికుడి దగ్గరికి వెళ్ళి సీసా నింపించుకుని బస్సెక్కాడు. ఖాళీగా ఉన్న ఒకే ఒక్క సీటు వాళ్ళ పాస్టరుగారి పక్కన.

"ఏటి బాబూ అది, పొంగుతన్నాది?" అన్నారట పాస్టరుగారు.

"ల్యాబుకండీ. దీన్ని ఇంటామండి."

"తాగరా?"

"నేదండి, ఇంటాం అంతే."

ఆయన దిగేదాకా మళ్ళీ మాట్లాడలేదట. ఆదివారం చర్చిలో వాక్యం చెబుతూ మాత్రం మద్యం గురించి కాస్త ఎక్కువసేపు చెప్పారట.

కానీ ఆ కల్లు! ఒక్క చుక్కలోంచి ఒక్క కణాన్ని పట్టి మొన ఆనించాను. స్పీకరులోంచి సన్నగా, తెంపులేకుండా ఒక స్వరం వచ్చింది. ఫ్యాను ఆగి ఉంది, రోడ్డు మీద ఏమీ లేదు, చెప్పులు బయట ఉన్నాయి. కణం మీద ఒక బొట్టు స్పిరిట్ వేశాం. స్వరం ఒక్కసారిగా పైకి లేచింది. కాసేపటికి పడిపోయి, ఉత్త గుయ్యిమనే చప్పుడు మిగిలింది. కణం చచ్చిపోయింది. డేవిడ్, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నాకు కళ్ళనీళ్ళు వచ్చేశాయి. దుఃఖమూ కాదు, అలాగని ఉత్త సంతోషమూ కాదు. బతికుండటానికి ఒక చప్పుడు ఉందని, దాన్ని నా చెవులతో విన్నానని ఆగలేని ఉద్వేగం. మీరు ఈ పనిలోకి వస్తే ఆ రోజు మీకూ వస్తుంది. అది వచ్చిన రోజున మాత్రం ఎవరికీ ఏ మాటా ఇవ్వకండి. ఎందుకో కిందిది చదివితే తెలుస్తుంది.

మా డైరెక్టరుగారు

నేను చూసిన పై అధికారుల్లో ఈయన్నే ఎక్కువ తిట్టుకున్నాను, ఈయన్నే ఎక్కువ ఇష్టపడ్డాను. విజయనగరం కోట దగ్గర పుట్టి పెరిగిన మనిషి. గొంతు మైకు అక్కర్లేని గొంతు. తెలియంది తెలియదని ఒప్పుకునేవారు, తెలిసిందాన్ని మాత్రం కడుపులో దాచుకోలేకపోయేవారు. పొద్దున విన్నది మధ్యాహ్నానికి ఊరంతా పాకాల్సిందే.

కల్లు తర్వాత మేం ఎర్రరక్త కణాల దగ్గరికి వచ్చాం. పాతపట్నం అవతల కొండల్లో కొడవలి కణాల జబ్బు ఉన్న కుటుంబాలున్నాయి. ఆ జబ్బులో గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణం బిగుసుకుని కొడవలిలా వంగుతుంది. పాతపట్నంలో ఒక నర్సమ్మ, వాళ్ళ అనుమతి తీసుకుని, నెత్తురు తీసి మాకు పంపేది. ఐసు పెట్టిన డబ్బాను కండక్టరుకు అప్పగిస్తే, శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సులో దించి, ఇంకో బస్సులో విజయనగరం పంపేవారు. మా వైపు సామాన్లన్నీ ఇలాగే తిరుగుతాయి. పెళ్ళి శుభలేఖలు, చేపలు, మందులు, ట్రాక్టరు విడిభాగాలు. నెత్తురు కూడా అలాగే వచ్చేది. పోల్చి చూడటానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ నెత్తురు కావాలి కదా, దానికి పక్క కాలేజీ విద్యార్థులు మా ల్యాబు కుర్చీలోనే కూర్చుని చెయ్యి చాపేవారు.

తేడా స్పష్టంగా వినబడింది. ఆరోగ్యవంతుల కణాలది గలగలమనే చురుకైన చప్పుడు. రోగులది బొంగురు. నిద్రమత్తులో ఉన్నట్టు, బరువుగా. కళ్ళు మూసుకుని వింటూ కూడా ఏది ఎవరిదో చెప్పేసేవాళ్ళం. డైరెక్టరుగారు గాల్లో తేలిపోయారు. నిజం చెప్పొద్దూ, నేనూ తేలాను.

"కుమారిగారూ, మామూలు పరీక్షకి కనబడనిది కూడా మన యంత్రం వింటుంది. జబ్బు ఇంకా రాకముందే వింటుంది!" అన్నారు.

ఈ రెండు మాటలూ మేం రుజువు చేసినవి కావు. ఆయన సంతోషం కొద్దీ అన్నవి. అన్న రోజే ఎవరైనా ఆపాల్సింది.

నీలవేణి

విజయనగరంలో బరువులెత్తే ఆడపిల్లలకు శిక్షణ ఇచ్చే ఒక కోచ్ ఉండేవాడు. పేరు అప్పలనాయుడు. మా వైపు పల్లెల్లో పొలం పనిచేసే ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలు ఆ ఇనుప కడ్డీ దగ్గర అద్భుతాలు చేస్తారు. డైరెక్టరుగారు ఆయనకు స్నేహితుడు. "మీ పిల్లలందరి నెత్తురూ ఊరికే విని పెడతాం" అని మాటిచ్చేశారు. పిల్లలు వచ్చి, నవ్వుకుంటూ, ఒకరినొకరు గిల్లుకుంటూ నెత్తురు ఇచ్చి వెళ్ళారు.

ఒక్క నీలవేణిది మాత్రం బొంగురుగా వచ్చింది.

మామూలు పరీక్ష చేయించాం. కొడవలి కణాలు లేవు, రక్తహీనత లేదు, ఏదీ లేదు. అక్కడితో అయిపోవాలి. కానీ డైరెక్టరుగారి పాత మాట ఉంది కదా, పరీక్షకి కనబడనిది యంత్రం వింటుందని! ఆయన నాతో గానీ, ఆ పిల్లతో గానీ ఒక్క ముక్క అనకుండా నేరుగా కోచ్‌కి ఫోన్ చేసి చెప్పేశారు. ఇంకొకరి ఒంటి సంగతి ఆ ఒంటి మనిషికంటే ముందు మూడో మనిషికి చెప్పడం నా దృష్టిలో క్షమించరాని తప్పు. అది ఎంత మంచి మనసుతో చేసినా సరే.

ఆ వారాంతంలోనే రాజాంలో జూనియర్ల సెలక్షన్స్. వయసు లెక్కన నీలవేణికి జూనియర్లలో అదే ఆఖరి అవకాశం. అందులో నెగ్గితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, చదువు, తిండి, శిక్షణ. నెగ్గకపోతే ఇంటికెళ్ళి నాట్లు వేసుకోవడమే. కోచ్ ఆ పిల్లను కడ్డీ ముట్టుకోవద్దన్నాడు. బరువెత్తుతూ కూలబడి చచ్చిపోతే ఎవరు సమాధానం చెప్పాలని ఆయన భయం. ఆ భయాన్ని నేను తప్పుపట్టను.

మర్నాడు తండ్రి తవిటినాయుడు, కూతురు మా గుమ్మంలో నిలబడ్డారు.

"నా గుంటకి ఏటయినాదమ్మా? ఆస్పటల్లో ఏటీ నేదంటన్నారు. మీరు ఉన్నాదంటన్నారు. ఏటున్నాదో సెప్పండి, మందేటో సెప్పండి. భూమి అమ్మీసైనా..."

"నాన్నా, నువ్వూరుకో" అంది నీలవేణి. చూడటానికి పొట్టిగా, గట్టిగా, రోలులా ఉంది. నా వైపు తిరిగింది. "మేడమ్, నాకు నొప్పి నేదు, ఆయాసం నేదు. పోయిన వారం కన్నా ఇప్పుడు ఎక్కువ ఎత్తుతన్నాను. నా రకతం ఏటి సెప్తన్నాదో నాకూ ఇనిపించండి. నా కాడ సెప్పకుండా మీ కాడ సెప్తాదా?"

రెండు రోజుల్లో చెబుతానని పంపేశాను. ఆ పిల్ల మెట్లు దిగుతూ ఒకసారి వెనక్కి చూసింది.

బస్సులో తట్టింది

ఆ సాయంత్రం రాజాం బస్సులో కూర్చున్నాను. ఎండ ఇంకా తగ్గలేదు. పక్కన ఒకావిడ సంచిలో ఆకుకూర కట్టలు. పొద్దున కొన్నవి కాబోలు, వాడిపోయాయి. వాటి మీద నీళ్ళు చిలకరిస్తూ, "బస్సు పెయాణమమ్మా, మనుసులమే వడిలిపోతన్నాం, ఇయ్యెంత" అని తనలో తాను గొణుక్కుంటోంది. ఆవిడ ఆకుకూర గురించే అంది. నాకు మాత్రం మా బస్సు డబ్బాలు గుర్తొచ్చాయి. అప్పటికప్పుడు డేవిడ్‌కి ఫోన్ చేశాను.

"డేవిడ్, ఆ పిల్లలందరి నెత్తురూ ఎక్కడ తీశావ్?"

"మన కుర్చీలోనే మేడమ్."

"నీలవేణిది?"

"ఆ అమ్మాయిది పాతపట్నంలో మేడమ్. గ్రామదేవత పండగని ఇంటికెళ్ళింది. నర్సమ్మగారు తీసి బస్సులో పంపారు."

"మన రోగుల నెత్తురు?"

"అదీ బస్సులోనే కదా మేడమ్."

"ఆరోగ్యంగా ఉన్నవాళ్ళది?"

"కుర్చీ..." అని ఆగిపోయాడు. తర్వాత ఫోన్లో నాకు వినబడింది, "యేసయ్యా!"

నేను నడుస్తున్న బస్సులో లేచి నిలబడిపోయాను. "కూకోండమ్మా, పడిపోతారు!" అని కండక్టరు కేకేశాడు. కూర్చోవడం నా వల్ల కాలేదు. ఇన్నాళ్ళూ బొంగురుగా వినబడిన ప్రతి బొట్టూ పాతపట్నం బస్సులో వచ్చిందే. గలగలమన్న ప్రతి బొట్టూ మా గుమ్మం దాటనిదే. ఎర్రకణం అదరాలంటే దానికి చక్కెర కావాలి. గంటల తరబడి డబ్బాలో ఉంటే ఉన్నది తినేస్తుంది, బిగుసుకుంటుంది. కరిగిన ఐసు, కాంప్లెక్సులో ఎండ, గతుకులు. మేం జబ్బును విన్నామో ప్రయాణాన్ని విన్నామో మాకే తెలియదు! మా పనంతా కూలిపోయినట్టే లెక్క. అయినా నాకు దిగులు రాలేదంటే నమ్మండి. ఇంత స్పష్టమైన సంగతి చేతికి దొరికితే దిగులెందుకు పడతాం?

డైరెక్టరుగారి చెయ్యి

మర్నాడు చెబితే ఆయన ఒంటికాలి మీద లేచారు. "రోగుల కణాలు బిగుసుకుంటాయని లోకమంతా ఎరుగును. ఇప్పుడు బస్సు మీదకి తోస్తున్నారా?" అన్నారు.

"తోయట్లేదండీ. ఒక్కసారి ఆరోగ్యవంతుడి నెత్తురు పాతపట్నం పంపించి, వెనక్కి తెప్పిద్దాం. గలగలమంటే మీదే నిజం."

ఆయన చొక్కా చెయ్యి మడిచి బల్ల మీద పెట్టారు. "నాది పంపండి."

తొందరపాటు మనిషిని ఎన్నో మాటలు అన్నాను కదా, ఆ మడిచిన చెయ్యి దగ్గర అవన్నీ వెనక్కి తీసుకోవాలనిపించింది. ఆయన నెత్తురు సగం ల్యాబు ఫ్రిజ్‌లో ఉంచాం. మిగతా సగం పట్టుకుని డేవిడ్ పాతపట్నం వెళ్ళి, అక్కడినుంచి అన్ని డబ్బాల్లాగే కండక్టరుకు అప్పగించాడు.

ల్యాబులో ఉన్నది గలగలమంది. బస్సులో వచ్చినది స్పీకరులో బొంగురుగా, బరువుగా, మా రోగులందరి గొంతుతో మూలిగింది.

ముందు డైరెక్టరుగారే పగలబడి నవ్వారు. "ఓర్నాయనో! నాకూ వచ్చేసింది జబ్బు!" ఆ నవ్వులో ఆయన కళ్ళు తడిశాయి. ఆయన పోగొట్టుకున్నది చిన్నదేం కాదు.

ఆ తర్వాత సంగతి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే మీరు నిరాశపడకూడదు. ఆరోగ్యవంతుల నెత్తురుకీ రోగుల నెత్తురుకీ ఒకే బస్సు, ఒకే డబ్బా, ఒకే ఎండ అనే నియమం పెట్టి పని మొత్తం మొదటినుంచి చేశాం. పెద్ద తేడా మాయమైంది. దాని అడుగున చిన్న తేడా ఒకటి మిగిలింది. సన్నటిది, కళ్ళు మూసుకుని చెప్పగలిగేది కాదు, కానీ నిజమైనది. ఎంత గింజుకున్నా పోలేదు. అది దొరికిన రోజు డేవిడ్, నేను చెప్పుల్లేకుండానే రోడ్డు మీదకి వెళ్ళి టీ తాగి వచ్చాం.

కోచ్ వినాలి కదా

నీలవేణి విషయం అంత తేలిగ్గా తెమల్లేదు. డైరెక్టరుగారు ఫోన్ స్పీకరులో పెట్టి చెబితే కోచ్ అప్పలనాయుడు ఇలా అన్నాడు.

"మొన్న రోగమన్నారు. ఇప్పుడు నేదంటన్నారు. ఎల్లుండి ఆ పిల్ల కడ్డీ ఎత్తినాక మళ్ళీ ఉన్నాదంటే నానేటి సెయ్యాలి సారూ?"

అడగాల్సిన ప్రశ్నే. ఒకసారి భయం పెట్టాక, భయం లేదని చెప్పడానికి మన మాట చాలదు. కాగితం మీద గీతలు చూపిస్తే అసలే చాలదు. "వచ్చి మీ చెవులతో వినండి" అన్నాను.

వచ్చాడు. నీలవేణి, తవిటినాయుడు కూడా వచ్చారు. అందరి చెప్పులూ గుమ్మం బయట. ముందు డైరెక్టరుగారి తాజా నెత్తురు వినిపించాను, తర్వాత బస్సులో వచ్చినది. ఆయనే లేచి నిలబడి, "ఈ రెండూ నావే. ఈ యంత్రాన్ని నమ్మితే నేనూ రోగినే. నేను తొందరపడి ఈ పిల్లకి అన్యాయం చేశాను" అని చేతులు జోడించారు. అంత పెద్ద గొంతు ఆ రోజు పక్క గదికి కూడా వినబడలేదు.

తర్వాత నీలవేణి కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. అప్పుడే తీసిన బొట్టులోంచి కణాన్ని పట్టాను. మొన ఆనింది.

గలగల.

ఆ పిల్ల హెడ్‌ఫోన్ తీసుకుని చెవులకి గట్టిగా అదుముకుంది. మొహం విప్పారింది. "ఓలమ్మో! ఇదా నేను?" అంది. ఆ తర్వాత కోచ్ వైపు తిరిగి, "సార్, నా రకతానికి రోగం నేదు. పాతపట్నం నుంచి నిలబడి వచ్చినాది, అలిసిపోనాది. అంతే."

కోచ్ హెడ్‌ఫోన్ పెట్టుకుని చాలాసేపు విన్నాడు. తీసి బల్ల మీద పెట్టి, "రేపు పొద్దున్నే గ్రౌండుకి వచ్చీ" అన్నాడు. తవిటినాయుడు గోడకి చేరబడి కండువాతో మొహం కప్పుకున్నాడు.

రాజాం

సెలక్షన్స్ మా ఊళ్ళోనే కాబట్టి నేనూ వెళ్ళాను. కాలేజీ హాలు నిండిపోయింది. తవిటినాయుడి పక్కన నాకు చోటు దొరికింది. నీలవేణి మొదటిసారి కడ్డీని భుజాల దాకా తెచ్చి వదిలేసింది. రెండోసారి తలమీదకి ఎత్తింది గానీ మోచేయి వణికి, లెక్కలోకి రాలేదు. మూడింటిలో మిగిలింది ఒక్కసారి, అదీ పోతే సీటూ పోయినట్టే. బరువు తగ్గించడానికి నిబంధన ఒప్పుకోదు, కోచ్ కూడా అడగలేదు.

పిల్ల సుద్దపొడి రాసుకుని వచ్చి కడ్డీ ముందు నిలబడింది. తవిటినాయుడు నా చెయ్యి పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "నాను సూడలేనమ్మా."

నీలవేణి పెట్టిన కేక ఒకటి వినబడింది. తర్వాత కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ఇనుము నేలకి తగిలి హాలు దద్దరిల్లింది. పక్కన ఆయన గుండె పగిలినట్టు వంగిపోయాడు.

"పడిపోనాదా అమ్మా? వదిలీసినాదా?"

ఎదురుగా న్యాయనిర్ణేతల బల్ల మీద ఎత్తు చెల్లిందనడానికి గుర్తుగా మూడు తెల్లదీపాలూ వెలిగి ఉన్నాయి. వాటి కింద పొట్టిగా, గట్టిగా ఉన్న ఆ పిల్ల రెండు చేతులూ పైకెత్తి మా వైపే చూస్తోంది. నేను ఆయన భుజం పట్టుకుని ఊపేశాను.

"చప్పుడు విని చెప్పకండి నాయుడుగారూ, కళ్ళు తెరవండి! ఎత్తింది, నిలబెట్టింది, దించింది!"